తాళంచెవి అడిగితే ఇస్తానంటున్న వియ్యంకుడు

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరి పేరూ తన పేరూ వేయొద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవి.

ప్రాణహితకు నాలుగైదు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఊరు. ఊరి వెనకాల వాగు. ఈమె ఆ ఊరి కోడలై 30 ఏళ్లు దాటింది. ఊళ్లోంచి వాగు రేవు దాకా రెండు చేల మధ్య గెట్టు పట్టుకుని ఒక బాట ఉంది. పశువులు నీళ్లకు పోయేది ఆ బాటే. బెస్తవాళ్లు వలలు భుజాన వేసుకుని పోయేదీ, సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని పోయేదీ, ఎవరైనా కాలం చేస్తే పదోనాడు కార్యానికి పోయేదీ ఆ బాటనే. బాటకు కుడిపక్క చేను మూడేళ్ల కింద చేతులు మారింది. కొన్నాయన అదే ఊరివాడు, ఈమె కూతురిని కోడలిగా చేసుకున్న వియ్యంకుడు. మిర్చి వేశాడు. మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి సిమెంటు కడీలు పాతి, బాటను కూడా లోపలికి కలుపుకుని ఇనుప తీగల జాలి కట్టించి, ఊరివైపు ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు.

ఆయన చెప్పే కారణాలను కూడా ఆమె దాచకుండా రాశారు. రాత్రిపూట ఇసుక ట్రాక్టర్లు ఆ బాటన పడి ఆయన గెట్టు తెగగొట్టాయి, డ్రిప్పు పైపులు నలిగాయి, రెండుసార్లు మోటారు వైరు కోసుకుపోయారు. "నా భూమికి నేను జాలి కట్టుకుంటె తప్పా? వాగుకే పోవాల్నంటె డాంబరు రోడ్డు కల్వర్టు కాడ దిగి పొమ్మనుండ్రి" అంటున్నాడు. కల్వర్టు నుంచి రేవుకు చుట్టు తిరిగితే కిలోమీటరున్నర.

పోయిన నెల ఊళ్లో ఒక బెస్త పెద్దాయన చనిపోయాడు. పదోనాడు ఇంటివాళ్లు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వియ్యంకుడు మిర్చి బస్తాలతో మార్కెట్‌కు పోయి ఉన్నాడు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. గంటసేపు ఎండలో చూసి, బోరింగు దగ్గరే కార్యం కానిచ్చారు. పిట్ట ముట్టలేదు. "బతుకంత వాగుల గడిపిన మనిషి, ఆయనకు పెట్టిన ముద్ద బోరింగు గచ్చు మీద ఎండిపోయింది" అని రాశారామె. గేటు లోపల కూతురు నిలబడి ఏడ్చిందట.

ఆ తర్వాత ఊరు అట్టుడికిపోతే వియ్యంకుడు ఒక మాట ఒప్పుకున్నాడు: "ఎవలకు అవసరమైనా నన్ను అడుగుండ్రి, తాళంచెవి ఇస్త." పెద్దమనుషులు కొందరు సరే అనుకుందామంటున్నారు. కుర్రకారు గేటు పీకేద్దామంటోంది. ఇంకొందరు తహసీల్దారుకు అర్జీ తయారుచేసి, ఈమె పంచాయతీ సభ్యురాలు కాబట్టి మొదటి సంతకం ఈమెనే పెట్టమంటున్నారు. "బిడ్డ కాపురం చూసుకో" అంటాడు భర్త. గోదావరి అవతల భూపాలపల్లి వైపు ఉండే తమ్ముడు తెలంగాణ చట్టాలు చెబుతాడు. పుణెలో ఉన్న కొడుకు ఫోన్‌లో ఏదో చూసి, అమెరికాలో వాగులు అందరివీనట, ఎవరూ ఆపలేరట అంటాడు. వాగు అసలు ఎవరిది, తాళంచెవి పద్ధతికి ఒప్పుకోవచ్చా, సంతకం పెట్టాలా వద్దా, బిడ్డ సంగతేమిటి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, తాళంచెవి నుంచే మొదలుపెడతాను. మీ చిక్కులన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.

మీ వియ్యంకుడు మంచి మనసుతోనే ఆ మాట అని ఉంటాడు. కానీ చట్టం లెక్కలో ఆ మాటకు చాలా బరువుంది. ఒకరి భూమి మీద ఇంకొకరు నడిచే హక్కు గురించి మనకు 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉంది. మీ ప్రాంతం అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోది కాబట్టి మొదటి నుంచీ అది మీకు వర్తిస్తోంది. దాని ప్రకారం ఒక బాటను 20 ఏళ్లపాటు బాహాటంగా, గొడవ లేకుండా, తెంపు లేకుండా, 'ఇది మా హక్కు' అన్నట్టుగా వాడుతూ వస్తే అది నిజంగానే హక్కవుతుంది. ఈ చివరి షరతే ప్రాణం. అడిగి నడిచిన నడక వందేళ్లు సాగినా హక్కు కాదు, అది అవతలివాడి అనుమతి. ఇచ్చినవాడు రేపు మానుకోవచ్చు. ఆయన మంచివాడైతే ఆయన పిల్లలు మానుకోవచ్చు, ఆ చేను కొన్న ఇంకో మనిషి మానుకోవచ్చు.

నేను సరిహద్దు తాలూకాల్లో భూమి కేసులు చూసినన్నాళ్లలో మరచిపోలేని వస్తువు ఒకటుంది, అట్ట చిరిగిన ఒక నోటుబుక్కు. అదీ ఇలాంటి గేటు తగాదానే. చేను యజమాని తాళంచెవి ఇచ్చినప్పుడల్లా తేదీ వేసి సంతకం పెట్టించుకున్నాడు. రెండేళ్ల సంతకాలు, వేలిముద్రలు. పోతే పోనీ అని ఊరివాళ్లు పెట్టారు. వాళ్ల సాక్షులు తాతల నాటి బాట అని ఎంత చెప్పినా అవతలి వకీలు ఆ పుస్తకం తెరిచి, "మీ సొంత బాటైతే ఎందుకు అడిగి తీసుకున్నారు?" అని ఒక్క ప్రశ్నే వేసేవాడు. జవాబు చెప్పలేక ఒక ముసలాయన బోను పట్టె మీద గోటితో గీరుతూ నిలబడిపోవడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అందుకని మీ ఊరు తాళంచెవికి తొందరపడి తల ఊపకూడదని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే ఎవరైనా ఒకటి రెండుసార్లు తీసుకుని ఉంటే ఉన్న హక్కు దాంతో ఊడిపోదు. అలవాటు కానివ్వకండి, సంతకాలు పెట్టకండి.

ఇక వాగు ఎవరిది అన్నారు. ఇందులో రెండు హక్కులున్నాయి, వాటిని విడదీసి చూడాలి. ఒకటి నీళ్లది, ఇంకొకటి నీళ్ల దాకా పోయే బాటది.

నీళ్ల సంగతి తేలికే. 1966 నాటి మహారాష్ట్ర జమీన్ మహసూల్ కోడ్‌లో, అంటే భూమి శిస్తు చట్టంలో, 20వ సెక్షన్ నదులు, వాగులు, నాలాల గర్భాలు, పారే నీరు, నిలిచిన నీరు, ప్రజలు నడిచే రోడ్లు, బాటలు, ఎవరి సొంతమూ కానివన్నీ ప్రభుత్వానివని చెబుతుంది. ఆ ప్రభుత్వం కూడా యజమానిలా అమ్ముకుని తినడానికి లేదు. బియాస్ నది ప్రవాహాన్ని ఒక కంపెనీ తన హోటల్ కోసం మళ్లించుకున్న సంగతిని పత్రికలో చూసి, సుప్రీంకోర్టు తనంతట తానే చేపట్టిన కేసులో 1996లో ఆ మాటే చెప్పింది. నదుల్లాంటివి ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గర ఉన్న అప్పగింత సొత్తు అంది. మీ వియ్యంకుడు చేను కొన్నాడు, వాగును కొనలేదు. ఒడ్డు రైతుగా మోటారు పెట్టి అవసరం మేరకు నీళ్లు తోడుకోవచ్చు. ఎండాకాలం మడుగు ఎండగొట్టి కింది ఊళ్ల గొంతు ఆర్పడానికి మాత్రం లేదు. అయితే ఒక చిన్న వాగు మొత్తంగా ఒకరి సర్వే నంబరు లోపలే పడి ఉండడం కూడా కద్దు, అందుకే సాత్‌బారా, అంటే 7/12 భూమి రికార్డు నకలు, చూడమంటాను. దాంట్లో 'పోట్‌ఖరాబ్' అని సాగుకు పనికిరాని భూమి లెక్క ఉంటుంది. అందులో 'బ' వర్గం కింద రాసిన గుంటలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ప్రజల బాటకో, పదిమంది వాడుకునే నీటికో విడిచిపెట్టి శిస్తు వేయని భూమిని ఆ వర్గంలో రాస్తారు. అది కనబడితే మీ పని సగం అయినట్టే.

మీ అబ్బాయి చెప్పిన అమెరికా సంగతి సగమే నిజం. అక్కడ రాష్ట్రానికో తీరు. మోంటానా రాష్ట్రంలో 1985 చట్టం ప్రకారం రెండు ఒడ్లూ ప్రైవేటువే అయినా, మామూలు వరద గుర్తు దాకా వాగులో జనం తిరగవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. కానీ ఆ వాగును చేరడానికి ఒకరి పొలం మీదుగా నడిచే హక్కును ఆ చట్టం ఇవ్వదు. ప్రభుత్వ వంతెన దగ్గరో ఇంకో ప్రజాస్థలం దగ్గరో దిగాలి. కొలరాడోలో అయితే వాగు అడుగు ప్రైవేటుదైనప్పుడు అందులో కాలు మోపడమే అతిక్రమణ కావచ్చు. అబ్బాయికి ఈ ముక్క చూపించండి. ఎందుకంటే మీ వియ్యంకుడు 'కల్వర్టు కాడ దిగండి' అన్నప్పుడు, తెలియకుండానే ఆ మోంటానా వాదమే చేస్తున్నాడు. ఆ వాదం మన దగ్గర అంతటితో ఆగిపోదు, ఎందుకంటే మనకు వాడుక, ఆచారం అనేవి చట్టం ముందు నిలబడతాయి. వేరే దారి ఉంటే పోయేది 'ఇది తప్ప దిక్కులేదు' అనే అవసరపు హక్కు ఒక్కటే. తరతరాల ఆచారం మీదో, 20 ఏళ్ల వాడుక మీదో నిలబడ్డ హక్కును కల్వర్టు రద్దు చేయదు. తమ్ముడికి కూడా నెమ్మదిగా చెప్పండి, గోదావరి దాటితే మాట ఒకటే అయినా కాగితం వేరని. ఆయన చెప్పే తెలంగాణ రికార్డులూ, చట్టాలూ మీ తహసీలులో నడవవు.

ఇప్పుడు బాట. దీనికి పునాది ఎక్కడుందో వెతకాలి. ఇందులో మీ అదృష్టం ఏమిటంటే మీరు విదర్భలో ఉన్నారు. మహారాష్ట్రలో మిగతా ప్రాంతాలకు లేని రెండు దస్త్రాలు మీకున్నాయి. ఒకటి నిస్తార్ పత్రక్, ప్రభుత్వ ఖాళీ భూముల్లో ఊరివాళ్లకు ఉన్న మేత, కట్టె వగైరా వాడకాల పట్టిక. రెండోది వాజిబ్-ఉల్-అర్జ్, మీకు కావలసింది ఇదే. ప్రభుత్వం చేతిలో లేని భూమిలో, నీటిలో ఊరివాళ్లకు ఆచారంగా వస్తున్న బాట హక్కు, నీటిపారుదల హక్కు, చేపలు పట్టే హక్కు ఏమేమి ఉన్నాయో ఊరూరికీ విచారించి రాసిపెట్టమని కోడ్ 165వ సెక్షన్ కలెక్టరుకు చెప్పింది. నడిచే బాట, చేపల వేట అన్న రెండు మాటలూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి చూడండి, మీ ఉత్తరం చదివి రాసినట్టే ఉంటుంది. చాలా ఊళ్లలో దీని పేరు కూడా మరచిపోయారు. తహసీలు రికార్డు గదిలో మీ ఊరి వాజిబ్-ఉల్-అర్జ్ నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి. దొరకలేదు, రేపు రండి అంటే 10 రూపాయల స్టాంపుతో సమాచార హక్కు అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పాత కాగితాల మీద జిల్లా పేరు చాందా అని ఉంటే కంగారు పడకండి, గడ్చిరోలి విడి జిల్లా అయింది 1982లోనే కదా.

దాంతోపాటు భూమి అభిలేఖ్ (భూమి రికార్డుల) ఆఫీసు నుంచి ఊరి నక్ష నకలు తీసుకోండి. నక్షలో బాట గుర్తు ఉంటే మన వాళ్లు 'నక్ష బాట' అంటారే, అది అయినట్టే. అప్పుడు వాదన ఆచారం మీద కాదు, గీత మీద నడుస్తుంది. మూడోది మీకు తోచి ఉండదు, వియ్యంకుడు చేను కొన్న దస్తావేజు. అందులో చతుస్సీమలు రాస్తారు. అమ్మినాయన పాత మనిషి కాబట్టి ఒక హద్దుగా 'వాగుకు పోయే పాణంద్' (పొలాల మధ్య బాట) అని రాయించి ఉండే అవకాశం బాగా ఉంది. అలా ఉంటే బాట ఉందని తెలిసే, దాని ఇవతలి భూమి మాత్రమే కొన్నాడని ఆయన కాగితమే చెబుతుంది. రిజిస్టరైన దస్తావేజు నకలు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడతారేమో. కానీ ఇది తెలియకుండా ఎవరితో మాట్లాడినా చీకట్లో మాట్లాడినట్టే.

కాగితాల్లో ఏమీ దొరకకపోతే మనుషుల నోటి సాక్ష్యం మిగులుతుంది, అది తక్కువదేమీ కాదు. 60 దాటినవాళ్లు ఎవరెవరు ఎప్పటి నుంచి ఆ బాటన నడిచారో, ఏ పనికి నడిచారో, ఎప్పుడైనా ఎవరైనా ఆపారో లేదో ఒక కాగితం మీద రాయించండి. మీ వియ్యంకుడు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగాడు. ఆయన తండ్రికి పదోనాడు కార్యం ఎక్కడ జరిగింది? ఆ రేవులోనే అయి ఉంటుంది, ఆ బాటనే నడిచి ఉంటారు. ఈ మాట కోర్టులో అడిగితే దెబ్బలా తగులుతుంది. ఇంట్లో కూర్చుని మెల్లగా అడిగితే ఆయన మనసుకు తగులుతుంది. రెండోదే ముందు జరగాలి.

అయితే మెల్లగా మాట్లాడుతూ కూర్చుంటే గడువు దాటే ప్రమాదం ఉంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మామ్లత్‌దార్ అంటే తహసీల్దారే, మామ్లత్‌దార్ కోర్టుల చట్టం అని 1906 నాటిది ఒకటుంది. సాగుకు, మేతకు వాడే భూమికీ, చేపల వేటకూ, సాగు పనులకు వాడే వాగు నీటికీ, వాటి దగ్గరికి పోయే ఆచారపు బాటలకూ ఎవరైనా అడ్డం పెడితే తీయించే అధికారం ఆ చట్టం తహసీల్దారుకే ఇచ్చింది. ఖర్చు తక్కువ, సివిల్ కోర్టు కన్నా త్వరగా తేలుతుంది, తీర్పు నచ్చనివాళ్లు కలెక్టరు దగ్గర రివిజన్ వేసుకోవచ్చు. కానీ అడ్డం పెట్టిన రోజు నుంచి 6 నెలల లోపు దావా పడాలి. సంక్రాంతి వెళ్లిన వారానికి గేటు పెట్టారన్నారు, అంటే జులై మూడో వారంతో ఆ తలుపు మూసుకుంటుంది. అర్జీలో పశువులున్నవాళ్లు, వాగు నీటితో సాగు చేసేవాళ్లు, వలలున్నవాళ్లు పేర్లు పెట్టాలి. బతుకమ్మ, పదోనాడు గురించి ఒక వాక్యం రాయండి కానీ ఆ చట్టం చూసేది సాగు, మేత, చేపలనే. వాగు అవతల చేను ఉండి ఆ బాట మీదే నాగలి తీసుకుపోయే రైతులెవరైనా ఉంటే వాళ్లకు కోడ్ 143వ సెక్షన్ కింద గెట్టు మీద బాట అడిగే విడి దారి కూడా ఉంది.

ఈజ్‌మెంట్స్ చట్టంలోనూ ఒక గడియారం ఉంది. అడ్డం పడ్డాక ఏడాది పాటు నోరు మెదపకుండా ఊరుకుంటే, ఆ తెంపును మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని ఏ దారి ఎంచుకున్నా ఈ వారంలోనే ఒక్క పని చేయండి. 'ఈ గేటు మాకు సమ్మతం కాదు, బాట మా హక్కు, మాట్లాడుకుని సర్దుబాటు చేసుకుందాం' అని రెండు వాక్యాల కాగితం పంచాయతీలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇది ఎవరినీ దూషించదు. మీ మౌనాన్ని రేపు ఎవరూ ఒప్పుకోలు కింద లెక్కవేయలేరు, అంతే.

ఇక ఏ దారి ఎటు తీసుకుపోతుందో చూద్దాం.

గేటు పీకేయడం గురించి ఎక్కువ చెప్పను. పీకిన రోజు నుంచి తగాదా బాట మీద ఉండదు, కేసులు ఎవరి మీద పడ్డాయన్న దాని మీద ఉంటుంది. న్యాయం మీవైపున్న ఊరు నేరం నెత్తిన పెట్టుకోవడం నాకు బాధ.

గ్రామసభ దారి గట్టిది. సిరొంచ తాలూకా ఐదో షెడ్యూలు (గిరిజన) ప్రాంతం, అలాంటి ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 నాటి పెసా చట్టం కింద చిన్న జలవనరుల నిర్వహణ పంచాయతీల చేతుల్లో ఉంది. రేవునూ బాటనూ ఊరుమ్మడి వాడకంగా గుర్తిస్తూ గ్రామసభ తీర్మానం చేస్తే, తహసీల్దారు దానిని పక్కకు నెట్టడం కష్టం. వాగు పైభాగం అడవిలోంచి వస్తుంటే ఆ మేరకు 2006 అటవీ హక్కుల చట్టం కింద చేపల మీద సామూహిక హక్కు కూడా అడగవచ్చు. మీ జిల్లాలోనే మెండా-లేఖ అనే ఊరు 2009లో దేశంలో అందరికన్నా ముందు సామూహిక అటవీ హక్కులు తెచ్చుకుంది. తీర్మానంతో వచ్చే ఇబ్బంది ఒకటుంది. సభలో చేతులెత్తినప్పుడు మీ వియ్యంకుడు ఒక పక్కన, ఊరంతా ఇంకో పక్కన నిలబడతారు, ఆ దృశ్యాన్ని ఆయన త్వరగా మరచిపోడు. ఒక్కరోజు ముందైనా ఆయనకు కబురు పెట్టి, ఆయన మాట సభలో పూర్తిగా వినాలి.

తహసీల్దారు దగ్గర గెలిస్తే గేటు తీసేస్తారు, కానీ ఆయన సివిల్ కోర్టుకు పోవచ్చు. అక్కడ ఏళ్లు పడుతుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలునిస్తారు, తాలూకా న్యాయ సేవా సమితిని అడగండి. పోలీసుల దగ్గరికి పోయే దారీ ఉంది, ప్రజల బాటకు అడ్డం తీయించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది. కానీ వియ్యంకుడి గుమ్మం ముందు జీపు ఆగాక మీ అమ్మాయి ఆ గుమ్మం ఎలా దాటుతుందో ఆలోచించండి. అది చివరి దారిగా ఉంచండి.

నేను మొదట చూడమనేది రాతపూర్వక రాజీ. అది నిలబడాలంటే ఊరు ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఇసుక విషయంలో మీ వియ్యంకుడికి అన్యాయం జరిగింది. వాగుకు నడిచిపోయే హక్కు వేరు, వాగు ఇసుక ట్రాక్టర్లకెత్తి రాత్రికి రాత్రి తోలడం వేరు. ఇసుక ప్రభుత్వ ఖనిజం, పర్మిటు లేకుండా ఎత్తే హక్కు ఎవరికీ లేదు, ఏ ఆచారం కిందా రాదు. ఆ ట్రాక్టర్లు ఎవరివో ఊరికి తెలియదంటే నేను నమ్మను. ఆయన గెట్టు తెగినప్పుడు ఒక్కరూ పోయి నిలబడలేదని మీరే రాశారు. ఊరు తనవైపు రాలేదన్న కోపం ఆ గేటులో సగం ఉంది.

కాబట్టి గేటు ఉన్న చోట గేటు బదులు రెండు రాతి కడీలు పాతించండి, మధ్యన నాలుగున్నర, ఐదు అడుగుల సందు ఉంచి. ఎద్దులు, బర్రెలు, బతుకమ్మలెత్తుకున్న ఆడవాళ్లు సులువుగా పోతారు. ట్రాక్టరు పట్టదు. బాట పొడవునా జాలి చేనువైపు జరపాలి. బాట ఎంత వెడల్పో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో మోజణీ (సర్వే కొలత) చేయించి, ఆ కొలతలతో కాగితం రాసుకోవాలి. ఆ కాగితంలో 'యజమాని అనుమతితో' అన్న మాట రాకుండా చూడండి. 'ఊరివాళ్లు మొదటి నుంచీ వాడుతున్న బాటను గుర్తిస్తూ' అని ఉండాలి. రిజిస్టరు చేయిస్తే గట్టిగా ఉంటుంది, తర్వాత సాత్‌బారాలో ఇతర హక్కుల గడిలో ఎక్కించమని తలాఠీని, అంటే ఊరి రెవెన్యూ అధికారిని, కోరవచ్చు. దావా పడినా పడకపోయినా లోక్ అదాలత్‌లో పెట్టి రాజీ తీర్పు తీసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. బదులుగా ఊరు ఇసుక బళ్లను ఆపే పూచీ తీసుకోవాలి, తెగిన గెట్టు శ్రమదానంతో వేసివ్వాలి. ఇందులో మీ వియ్యంకుడికి పోయేది నాలుగు గుంటలు కూడా ఉండవు, వచ్చేది రాత్రిపూట నిద్ర. ఇది కుదరకపోతే జులై లోపు దావా వేసే దారి ఎలాగూ మీ చేతిలో ఉంది. మాటలు జూన్ చివరికి తెగకపోతే ఇక ఆగొద్దు.

సంతకం గురించి అడిగారు. మొదటి సంతకం మీరు పెట్టకండి. భయంతో చెబుతున్న మాట కాదిది. ఈ కేసులో నిజంగా దెబ్బతిన్నవాళ్లు ఆ బెస్త కుటుంబం, పశువులున్నవాళ్లు. వాళ్ల పేర్లు ముందుండాలి, చట్టానికీ అదే కావాలి. మీ పేరు అందరి మధ్య, మీ ఇంటి వరసలో, ఉన్నచోట ఉండనివ్వండి. అసలు లేకుండా చేసుకుంటే మాత్రం పంచాయతీలో మీ మాటకు విలువ పోతుంది, రేపు ఇంకో పేదవాడి గేటు సంగతి వచ్చినప్పుడు మీరు నోరు విప్పలేరు. సభలో ఆయన మా వియ్యంకుడని మీరే ముందుగా చెప్పండి. చెప్పాక మాట్లాడండి.

మీ అమ్మాయి విషయం రాస్తూ మీరు పేజీ చివర రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశారు. ఆ పిల్ల పదోనాడు గేటు లోపల నిలబడి ఏడ్చిందంటే ఆమెకు ఎటు న్యాయముందో తెలుసు. దయచేసి ఆమెను దొంగతనంగా తాళం తీయమనీ, మామ ఏమంటున్నాడో చెప్పమనీ అడగకండి. ఊరివాళ్లు ఎవరైనా అలా అడిగినా మీరు అడ్డం పడండి. ఈ తగాదాలో ఆమెకు ఏ పనీ అప్పగించకపోవడమే ఆమెకు మీరు చేయగల మేలు. పండగలకు పబ్బాలకు రాకపోకలు మామూలుగా సాగనివ్వండి. మీవారికి కూడా ఇదే చెప్పండి. బిడ్డ కాపురం చూసుకోవడమంటే ఊరి బాట వదిలేయడం కానక్కర్లేదు. రెండూ ఒకే నోటితో మాట్లాడకుండా ఉంటే చాలు.

మాట్లాడడానికి మొదట వియ్యంకుడి దగ్గరికి పోకండి. ఆయన ఇప్పటికే ఊరి ముందు ఒక మాట అనేశాడు, మగవాడు ఊరి ముందన్న మాటను ఇంట్లోవాళ్ల ద్వారానే వెనక్కి తీసుకుంటాడు. మీ వియ్యపురాలు, అదే మీ వదిన దగ్గరికి పోండి. ఆమె కూడా మీలాగే ఆ ఊరికి కోడలై వచ్చి ఇన్నేళ్లూ ఆ బాటనే బతుకమ్మను ఎత్తుకుని నడిచిన మనిషి. తాళం వేసినప్పుడు ఆమెను ఎవరైనా అడిగి ఉంటారని నేననుకోను. ఇసుక బళ్ల సంగతి, తెగిన గెట్టు సంగతి ముందు మాట్లాడండి, మిరప చేను ఎంత నష్టపోయిందో వినండి. బాట మాట ఆ తర్వాత.

పోయేటప్పుడు నక్ష నకలు, సాత్‌బారా సంచిలో పెట్టుకుని పోండి, అవసరమైతేనే తీయండి. వాజిబ్-ఉల్-అర్జ్ దొరికితే మీ ఊరి పుటను ఫొటో తీసి నాకు పంపండి. పాత మరాఠీ చేతిరాతలో బాట గురించి, చేపల గురించి ఏం రాసి ఉందో తెలుగులో విడమరిచి రాసి పంపుతాను. వదినకు మీరే చదివి వినిపించవచ్చు.